ఓదెలు కాకతో ఆల్ప్స్ కొండ మీదికి

లక్ష్మీనగర్, గోదావరిఖని

కిరాణా కొట్టులో పుట్టి, మేనమామ బట్టల కొట్టులో పెరిగి, సొంత స్టీలు సామాన్ల కొట్టులో తల నెరిసినవాడిని. ఎవరైనా ధర చెబితే నా నోరు దానంతటదే సగానికి అడుగుతుంది. డాక్టర్ రోజుకు మూడు గోలీలు వేసుకోమంటే రెండు సరిపోవా అని అడిగిన మనిషిని. అందుకే విదేశీ ప్రయాణం మాట వచ్చినప్పుడు నేను ముందు చూసింది దేశం అందాన్ని కాదు, కొలతను.

హైదరాబాదు ట్రావెల్స్ ఆఫీసులో స్విట్జర్లాండ్ ధర విన్నాక కాసేపు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత, "దాని పక్కన ఇంకా చిన్నదేమన్నా ఉన్నదా?" అని అడిగాను. ఉందన్నాడు గుమాస్తా. లీక్టెన్‌స్టైన్. మ్యాపులో చూపిద్దామని వేలు పెడితే దేశం మొత్తం వేలి కిందికి పోయింది. మా ఖని జనంతో అలాంటి దేశాలు అయిదారు నింపవచ్చట. నాకు ప్రాణం లేచొచ్చింది. బిందె కన్నా చెంబు చౌక కదా! చిన్న దేశం పెద్ద దేశమంత ఖరీదుగా ఉండగలదని మా వంశంలో ఎవరికీ తెలియదు. నాకు తెలిసేసరికి విమానం దిగి ఉన్నాను.

బేరంలో ఇంకో మెలిక ఉంది. ఒకే గదిలో మూడో మంచం వేసుకుంటే ఆ మూడో మనిషికి బాగా తగ్గుతుందన్నాడు గుమాస్తా. తగ్గుతుందన్న మాట విన్నాక నేను ఆగలేను. మా గల్లీలోనే ఉండే ఓదెలు కాక గుర్తొచ్చాడు.

కాక అని పిలుస్తామే కానీ మాకు చుట్టం కాడు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ఇద్దరు బిడ్డలు మందమర్రిలో ఒకరు, రామకృష్ణాపూర్‌లో ఒకరు సంసారాలు చేసుకుంటున్నారు. రోజూ సాయంత్రం మా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఎదురుగా గోడకు మేము గిరాకీలకు పంచే క్యాలెండరు ఉంటుంది. పచ్చటి వాలు, ఆవులు, వెనక తెల్లటి కొండ. ఆ బొమ్మ ప్రెస్సువాడి దగ్గర అన్నిటికన్నా చౌక కాబట్టి ఏటా అదే వేయిస్తాను.

"గిది గీసిందా సేటూ, నిజంగ ఉంటదా?" అని ఒకనాడు అడిగాడు.

"ఫోటోనే కాక. ఉంటది."

"పైన ఏం లేదు సూడు. ఉత్త ఆకాశం," అన్నాడు.

ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు. ట్రావెల్స్ ఆఫీసు నుంచి వచ్చి సంగతి చెబితే, "వస్త. గా కొండ మీదికి తీస్కపోతవా మరి?" అని ఒక్కటే అడిగాడు. తీసుకుపోతానని మాటిచ్చాను.

మా ఆవిడ సరోజకు కాక అంటే అభిమానమే. కోపమంతా నా మీద.

"పెండ్లయి ఇరవై ఆరేండ్లకు దేశం దాటిస్తున్నవని సంబరపడ్డ. చౌకొస్తదని మూడో మంచం మాట్లాడినవా? నాలుగోది పుక్కట్ల ఇస్తనంటే గల్లీ మొత్తం దెచ్చెటోనివి!"

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, స్టీలుకు గిరాకీ ఉండదు. తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ళ ముందు ఆషాఢంలో బయలుదేరాం.

తిరిగొచ్చిన దగ్గర నుంచి కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ ఇప్పటికీ మంచు ముట్టుకున్నారా అని అడుగుతూనే ఉన్నారు. మంచును దూరం నుంచే చూశాం. నేను చెప్పాలనుకున్నది వేరే. అది కాక సంగతి కాబట్టి ముందు ఆయననే అడిగాను. "రాస్తే ఏమైతది, రాయి," అన్నాడు.

జూరిక్ దాటిన రైలు

విమానంలో కాక కిటికీ పక్కన కూర్చుని రాత్రంతా కళ్ళు మూయలేదు. భయమా అని అడిగితే, "భయమెందుకు? కింద ఏం లేదు, మీద ఏం లేదు," అన్నాడు. అంత హాయిగా ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

జూరిక్‌లో రైలెక్కాం. స్టేషన్‌లో మంచినీళ్ళ సీసా ధర చూసి పట్టుకున్నదాన్ని మళ్ళీ అక్కడే పెట్టాను. చేతిలో ఉన్న సీసాను కుళాయి దగ్గర నింపుకుంటున్న ఒక పెద్దమనిషిని చూసి నేనూ వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. ఆయన కోటు చూస్తే మా జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీర్ల కన్నా దర్జాగా ఉంది. మన దగ్గర అలాంటి కోటు వేసుకున్నవాడు కుళాయి దగ్గర వంగడు. నాకు ఆ దేశం మీద మొదటిసారి గౌరవం కలిగింది అక్కడే.

రైలు ఒక పెద్ద సరస్సు అంచున పోతోంది. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి, అవతల కొండలు నిట్టనిలువుగా లేచాయి. సరోజ సకినాల డబ్బా తీసింది. కాక ఒకటి విరిచి నోట్లో పెట్టుకోబోతుండగా రైలు సొరంగంలో దూరింది.

దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అయినా కాక లేచి నిలబడ్డాడు. సకినం చేతిలోనే ఉంది. రెండో చేత్తో ముందు సీటు పట్టుకుని పైకి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. రైలు బయటికొచ్చాక కూడా కాసేపటిదాకా కూర్చోలేదు.

"కడుపుల మంచిగ లేదు," అన్నాడు.

విమానంలో పెట్టిన తిండి పడలేదేమో అనుకుని నేను జీలకర్ర గోలీ ఇచ్చాను. సరోజ నన్ను మోచేత్తో పొడిచింది.

"గది కడుపు కాదయ్యా," అంది మెల్లగా.

"మరేంది?"

"నాకేం ఎరుక? కడుపు నొచ్చెటోడు మీదికి సూస్తడా?"

వాడుజ్

దేశాల సరిహద్దు అంటే తుపాకులు, ముళ్ళకంచె ఉంటాయనుకున్నాను. రైలు దిగి బస్సెక్కాం. రైన్ నది మీద వంతెన దాటామో లేదో బస్సు డ్రైవరు దేశం వచ్చేసిందన్నాడు. మా గోదావరి వంతెన దాటి మంచిర్యాల వైపు పోవడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

వాడుజ్ వాళ్ళ రాజధాని. ఒక్క పెద్ద వీధి, మీద కొండ అంచున వాళ్ళ రాజుగారి కోట. అక్కడ ఒక ఆఫీసులో డబ్బు కడితే పాస్‌పోర్టులో జ్ఞాపకానికి ముద్ర వేస్తారు. మూడు పాస్‌పోర్టులు కదా, కొంచెం చూసుకోమన్నాను. ఆమె మూడింటినీ శ్రద్ధగా చూసి, మూడింటికీ పూర్తి ధర తీసుకుంది.

రెండో రోజు ఇంతకన్నా పెద్ద అవమానం జరిగింది. ఒక దుకాణంలో ఆవు మెడలో కట్టే ఇత్తడి గంట నచ్చింది. ధర అడిగి, సగం చెప్పాను. ఆమె నవ్వి అదే ధర మళ్ళీ చెప్పింది. సరే, నా దగ్గర చివరి అస్త్రం ఉంది. గంట కింద పెట్టి, తల అడ్డంగా ఊపి, వెనక్కి చూడకుండా మెల్లగా గుమ్మం వైపు నడిచాను. మా చౌరస్తాలో అయితే మూడో అడుగుకు "అన్నా, ఇటు రా, ఎంతిస్తవో చెప్పు" అన్న కేక పడాలి. నా కొట్టులో నేను రెండో అడుగుకే వేస్తాను. ఇక్కడ ఏడు అడుగులైంది, గుమ్మం దాటాను, వీధిలో నిలబడ్డాను. లోపలి నుంచి, మీ రోజు బాగా గడవాలి అన్న దీవెన మాత్రం వచ్చింది.

సరోజ, కాక ఎదురుగా బల్ల మీద కూర్చుని అంతా చూస్తున్నారు.

"పిలుస్తలేదా సేటూ?" అన్నాడు కాక.

"పిలుస్తది. గింతసేపు ఆగాలె."

"ఆగు, ఆగు," అంది సరోజ. "దసరా దాక ఆగు. కాకా, మనం రూముకు పోదాం పా."

పది నిమిషాల తర్వాత తిరిగి లోపలికి వెళ్ళి, చెప్పిన ధరకే గంట కొన్నాను. ఆమె మొహంలో గెలిచిన గర్వం కూడా లేదు. నేను ఓడిపోయానన్న సంగతే ఆమెకు తెలియదు.

మార్తా వంటిల్లు

మేము దిగింది ఒక పెద్దావిడ ఇంటి మేడ మీది గదిలో. పేరు మార్తా. వాళ్ళాయన పోయాక గదులు అద్దెకిస్తోంది. మూడో మంచం అంటే నిజంగా మంచమే అనుకున్నాను. అది మడత కుర్చీ లాంటిది, విప్పితే మంచమవుతుంది. దాని మీద పడుకున్నది బేరమాడిన నేనేనని చెప్పనక్కరలేదు.

మూడో రోజు సాయంత్రం ఆమె వాళ్ళ ఊరి వంట పెట్టింది. పిండిని చిన్న చిన్న ఉండలుగా వేడినీళ్ళలో ఉడికించి, పైన జున్ను కరిగించి, వేయించిన ఉల్లిగడ్డ చల్లుతారు. పక్కన ఆపిల్ పండు గుజ్జు. ఉప్పటిది, తియ్యటిది ఒకే ముద్దలో తినాలి. కాక రెండు ముద్దలు తిని, సరోజ వైపు చూశాడు. సరోజ అడగకుండానే మామిడికాయ తొక్కు డబ్బా మూత తీసింది. అలా కలుపుకున్నాక మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తింటూ తింటూ, "సేటూ, అమ్మను ఒక మాట అడుగు," అన్నాడు. "గింత చిన్న దేశం ఎట్ల నడుస్తాంది? పక్కోళ్ళు మింగరా?"

మా దగ్గర ఆ రోజుల్లో చాయ్ హోటళ్ళలో, షిఫ్టు బస్సుల్లో, మా కొట్టు స్టూళ్ళ మీద ఇదే ముచ్చట. చిన్న రాష్ట్రమైతే నిలబడుతుందా, కరెంటుంటుందా, జీతాలుంటాయా అని. నేను నా దుకాణం ఇంగ్లీషులో అడిగాను.

మార్తా కొంచెం ఆలోచించింది. సైన్యం లేదు, డబ్బు నోట్లు కూడా పక్క దేశానివే వాడుకుంటాం అంది. మంచీ చెడూ రెండూ ఉన్నాయి, ఒకరి సంగతి ఇంకొకరికి దాగదు, అది కొన్నిసార్లు ప్రాణానికి విసుగు అంది. అయితే రోడ్డు పాడైతే ఎవరి తలుపు కొట్టి కొట్లాడాలో ఇక్కడ అందరికీ తెలుసు, ఆ తలుపు దాకా నడిచిపోవచ్చు అంది.

నేను తెలుగులో చెప్పాను. కాక చేయి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"నడిచిపోవచ్చు అన్నదా?"

"అన్నది."

"గంతే కావాలె," అన్నాడు.

నాలుగో రోజు బస్సు

ఆ రోజు కోసమే వచ్చాం. బస్సు వాడుజ్ నుంచి మలుపులు తిరుగుతూ కొండెక్కి, పైనున్న పచ్చిక మైదానాల్లోకి పోతుంది. వేసవిలో ఆవులన్నీ అక్కడే ఉంటాయట. మార్తా పొద్దున్నే ముగ్గురికీ ఉడికించిన గుడ్లు, రొట్టె కట్టిచ్చింది. కాకకు వాళ్ళాయన చేతికర్ర ఇచ్చింది. కొసన ఇనుప ములుకు ఉన్న గట్టి కర్ర.

బస్సులో కాక ముందు సీటు పట్టాడు. ఇళ్ళు కిందికి పోతున్నాయి, రైన్ నది దారంలా కనిపిస్తోంది. "ఏమన్న ఉన్నదా సేటూ!" అని వెనక్కి తిరిగి రెండుసార్లు అన్నాడు. నాకు చాలా గర్వంగా ఉంది. ఆ కొండను నేనే చేయించి తక్కువకు అమ్ముతున్నట్టు కూర్చున్నాను.

ఇంకో మలుపు తిరిగాక ఎదురుగా కొండ, కొండలో నల్లగా సొరంగం నోరు. దాని ముందు చిన్న స్టాపు.

"ఆపుమను," అన్నాడు కాక. లేచి నిలబడ్డాడు. "సేటూ, ఆపుమను! ఆపుమను!"

బస్సు స్టాపులోనే ఆగింది. తలుపు తెరుచుకోగానే కాక దిగిపోయి, రోడ్డు పక్కన రాయి పట్టుకుని నిలబడ్డాడు. నేను దిగి, సొరంగం ఎంతసేపని డ్రైవర్‌ను అడిగొచ్చి చెప్పాను.

"ఒక్క నిమిషం సొరంగమే కాక. కండ్లు మూసుకో. అవుతల నువ్వడిగిన కొండే."

"నువ్వు పో. నేను ఈడ ఉంట."

"టికెట్ పైసలు కట్టినం..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సరోజ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నీ టికెట్ల మీద మన్నువడ! ఆయన మొఖం సూడు ముందు." తర్వాత డ్రైవర్ వైపు చెయ్యి చూపింది. "మీదికెల్లి పాత తొవ్వ ఉన్నదా అడుగు."

ఉందన్నాడు డ్రైవరు. ఈ సొరంగం తవ్వక ముందు జనం ఆ దారినే పోయేవాళ్ళట. గంట నడక. సరోజకు మోకాళ్ళ నొప్పులు.

"మీరిద్దరు నడువుండ్రి. నేను ఆ దిక్కు మొదటి స్టాపుల దిగి కూసుంట," అంది. అక్షరం ముక్క భాష రాని దేశంలో ఒక్కతే. బస్సు ఆమెను తీసుకుని కొండలోకి పోయింది.

పాత దారి

దారి ఎత్తుగా ఉంది కానీ పచ్చిక మధ్య నుంచి పోతోంది. ఒక మలుపులో బల్ల కనిపిస్తే కూర్చున్నాం. అక్కడ చెప్పాడు.

కాక బాయి లోపల టింబర్‌మన్. తవ్విన చోట కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. మనుషులు లోపలికి పోయే ముందు కర్రతో కప్పును కొట్టి, చప్పుడు వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర ఊడినదైతే డొల్లగా పలుకుతుంది. కాక చెవి మీద అందరికీ నమ్మకం. మోకాళ్ళు బాగాలేవని చివరి పదకొండేళ్ళు పైన, దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేశాడని మా గల్లీ అందరికీ తెలుసు.

"మోకాళ్ళు గాదు సేటూ," అన్నాడు. "లస్మయ్య అని నా జోడీ. ఆ పొద్దు నేను కొట్టి సూసిన. మంచిగనే పలికింది. మంచిగున్నది, పో అన్న. వాడు ఎన్నడు మారు అడగలే నన్ను. పోయిండు."

కింద ఎక్కడో ఆవుల గంటలు మోగుతున్నాయి.

"కప్పు కూలింది. తప్పు కప్పుదే గావచ్చు. బాయి సార్లు గట్లనే అన్నరు. గని చెవి నాది గదా. అప్పటిసంది ఎవ్వలకు పో అని చెప్పలే. నేను కప్పు కిందికి పోలే."

ఏ బాయి అన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పైన ఏమీ లేని చోటు చూడాలని వచ్చిన మనిషిని, కొండల లోపలి నుంచే దారులు వేసుకున్న దేశానికి తీసుకొచ్చాను. కొలత చూసి, ధర చూసి, మంచం చూసి. పర్వతాల దేశంలో సొరంగాలుంటాయని బొగ్గు బాయి పక్కన పుట్టిపెరిగిన నాకు తట్టలేదు.

లేచి నడిచాం. కొండ మీదికి చేరాం. పాత దారి కూడా కొండలోకే దూరింది. చిన్నదే. వందేళ్ళకు ముందు ఎప్పుడో మనుషులు చేతులతో తొలిచిన బొక్క. అటు చివర వెలుతురు కంచమంత కనిపిస్తోంది. పక్కన కొడవలితో గడ్డి కోస్తున్న ముసలాయన మా మొహాలు చూసి, సొరంగం మీదుగా గడ్డిలో ఎక్కి దిగవచ్చని చేత్తో చూపించాడు.

"పా కాక, మీదికెల్లి పోదాం," అన్నాను.

కాక అటు రాలేదు. సొరంగం నోటి దగ్గరికి పోయి నిలబడ్డాడు. చేతికర్ర తిప్పి పట్టుకుని, ములుకుతో పైరాయిని ఒక్కసారి కొట్టాడు. తల పక్కకు వంచాడు. ఇంకో మూర పక్కకు జరిగి మళ్ళీ కొట్టాడు. కాళ్ళు బయటే ఉన్నాయి, చెయ్యి మాత్రం లోపలికి చాచాడు.

చప్పుళ్ళ సంగతి నాకూ కొంచెం తెలుసు. మా కొట్టులో ఇత్తడి బిందెలు కొట్టి చూసే కొంటారు. వెంట్రుక మందాన పగులున్న బిందె కూడా ఎక్కడ కొడితే ఖంగుమంటుందో నాకు తెలుసు. అలా అమ్మాను కూడా. చప్పుడును నమ్మి ఒక చెంబు కూడా కొనని మనిషిని నేను.

"మంచిగున్నది," అన్నాడు కాక. నా వైపు చూడలేదు. "సేటూ... పో."

ఎంతదూరం, ఎంతసేపు, ఖాయమేనా అని నా నోరు ఎప్పటిలా అడగబోయింది. మూసుకున్నాను. వెళ్ళాను.

లోపల చల్లగా ఉంది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. తల ఎత్తి పైకి చూడాలనిపించింది, చూడలేదు. అటువైపు బయటపడగానే ఎండ, పచ్చిక, లోయకు అవతల మంచు మచ్చలున్న కొండలు. క్యాలెండరు బొమ్మే. దాన్ని చూడకుండా వెనక్కి తిరిగి గడ్డి వాలు వైపు చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి కాక పైనుంచి కర్ర ఊతంగా పెట్టుకుంటూ, కొంతదూరం కూర్చుని జారుతూ దిగాడు.

"వచ్చినవా?" అన్నాడు.

"వచ్చిన కాక."

నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. నా భుజం మీద ఏమీ లేకపోయినా చేత్తో దులిపాడు. వెనకాల ఆయన ఇన్నేళ్ళు ఎదురుచూసిన కొండలున్నాయి. అటు తిరగనే లేదు.

"ఇంకొక్కసారి పోయి రా," అన్నాడు.

"ఎందుకు కాక?"

"నువ్వు లోపటికెల్లి పోంగ నేను మీద ఉన్న. సూడలే."

"సరోజ ఆడ ఒక్కతే కూసున్నది..."

"కూసోనియ్యి."

మళ్ళీ సొరంగం నోటి దగ్గరికి వచ్చాను. కాక అంచున నిలబడ్డాడు. నేను లోపలికి నడిచాను. సగం దూరం పోయి ఉంటాను, వెనకాల రాయి మీద ఇనుము తగిలిన చప్పుడైంది. కొంచెం ఆగింది. మళ్ళీ తగిలింది. ఈసారి బయటి నుంచి కాదు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. అడుగులు మాత్రం చిన్నవి చేశాను.